వణుకు వేరు, తడబాటు వేరు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో పార్కిన్సన్స్ గురించి రాసినప్పుడల్లా శీర్షికలో ‘వణుకుడు రోగం’ అని పెడుతున్నారు. దయచేసి ఆ పేరు మానేయండి.

మా నాన్నగారికి చెయ్యి వణకలేదు, అడుగు తడబడింది. గుమ్మం దగ్గరికి రాగానే కాలు కదలక నిలబడిపోయేవారు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. సంతకం రానురాను చీమంత అయిపోయింది. వణుకు లేదు కదా, ఆ జబ్బు అయ్యుండదులే, వయసు మీద పడిందంతే అనుకున్నాం. అలా రెండేళ్లు పోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

మన భాషలో ఇలాంటి మాటలకు కొరత లేదు. చలికో జ్వరానికో భయానికో పుట్టేది వణుకు. పెదవికీ కనురెప్పకీ అదురు. గుండెకు దడ. మాటో అడుగో పట్టు తప్పితే తడబాటు. నిలబడ్డ మనిషి పక్కకి ఒరిగిపోతే తూలడం. ఈ చివరి మాటకు తాగుడు అనే అర్థం కూడా అంటుకుంది. జనం ఏమనుకుంటారోనని నాన్నగారు సాయంత్రం నడక మానేశారు.

1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు ఈ జబ్బు గురించి రాస్తూ దీన్ని ‘షేకింగ్ పాల్సీ’ అన్నాడు. అంటే వణికించే పక్షవాతం. ఆ శతాబ్దంలోనే ఫ్రెంచి వైద్యుడు షార్కో, రోగులందరికీ వణుకు ఉండదని గమనించి, ఆ పేరు తగదని, పార్కిన్సన్ పేరుతోనే పిలవాలని అన్నాడు. అప్పుడే తప్పని తేలిన పేరును మనం మళ్లీ తెలుగులోకి ఎందుకు తెచ్చుకోవాలి?

వణుకు ఉన్నంత మాత్రాన ఈ జబ్బే కానక్కర్లేదు కూడా. ఇందులో వణుకు సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది, అదీ చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు. గ్లాసు ఎత్తబోతేనో పెన్ను పట్టుకుంటేనో వచ్చే వణుకు చాలాసార్లు వేరే సమస్య. ఈ తేడా తెలియక టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు.

శీర్షికలో పార్కిన్సన్స్ అనే రాయండి. కదలికలు నెమ్మదించడం, ఒళ్లు బిగుసుకుపోవడం, అడుగు తడబడడం, ఈ మూడూ వణుకుతో పాటు మొదటి పేరాలోనే ఉండేలా చూడండి. చాలామంది అంతవరకే చదువుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు