పాట ఎవరి పేరున ఉంది?

సంపాదకుల వారికి నమస్కారం.

గ్రామీ అవార్డుల వార్త మన పత్రికల్లో ఏటా వస్తుంది. ఎవరు ఏ డ్రెస్సులో వచ్చారు, మనవాళ్ళకేమైనా దక్కిందా అన్నంత వరకే. అక్కడ అమెరికానా అని ఒక విభాగం ఉంది. కంట్రీ, ఫోక్, బ్లూస్, నల్లజాతి చర్చిల్లో పుట్టిన సోల్, ఇవన్నీ కలిసిన సంగీతం. అందులో ఉత్తమ ఆల్బమ్ అవార్డును మూడుసార్లు (2016, 2018, 2024) అందుకున్న జేసన్ ఇజ్‌బెల్ ఏ పెద్ద కంపెనీ గాయకుడూ కాదు. రికార్డులు వచ్చేది తన సొంత లేబుల్, అంటే రికార్డు కంపెనీ అయిన సౌత్‌ఈస్టర్న్ మీదే. మన జానపద కళాకారులకు పనికొస్తుందని ఆయన సంగతి రాస్తున్నాను.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో నేనుండే హంట్స్‌విల్ నుంచి పడమరగా కారులో గంటన్నర పోతే టెనెసీ నది ఒడ్డున మజిల్ షోల్స్ వస్తుంది. చిన్న ఊరు. రిక్ హాల్ అనే ఆయన అక్కడ నడిపిన ఫేమ్ స్టూడియోలో 1966లో విల్సన్ పికెట్, 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడారు. గవర్నరుగా చేసిన జార్జి వాలెస్ లాంటి వాళ్ళు నల్లవాళ్ళనూ తెల్లవాళ్ళనూ వేరుగా ఉంచే రాజకీయాలు నడుపుతున్న అలబామాలో, నల్లజాతి గాయకుల వెనక వాయించింది స్థానిక తెల్ల కుర్రాళ్ళు. వాళ్ళలో బాస్ గిటార్ వాయించిన డేవిడ్ హుడ్ కొడుకు ప్యాటర్సన్, తర్వాత డ్రైవ్-బై ట్రక్కర్స్ అనే రాక్ బ్యాండ్ పెట్టాడు. 2001లో ఆ బ్యాండులో చేరిన 22 ఏళ్ళ కుర్రాడే ఇజ్‌బెల్. ఆయనది ఆ పక్కనే ఉన్న గ్రీన్‌హిల్. పెంటెకోస్టల్ బోధకుడైన తాతయ్య దగ్గర గిటార్ నేర్చుకున్నాడు. భక్తి పాటలకు తాళం తప్పకుండా వాయించాకే బ్లూస్ వాయించనిచ్చేవారట ఆ పెద్దాయన! ఇజ్‌బెల్ గొంతులో సోల్ ఛాయ ఎక్కడిదని అడిగేవాళ్ళు ఒకసారి ఆ నది ఒడ్డుకు పోయి చూడాలి.

తాగుడు వల్ల 2007లో బ్యాండుకు దూరమయ్యాడు. 2012లో డీఅడిక్షన్ సెంటర్లో చేరి మానేశాడు. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బమ్‌తో దశ తిరిగింది. ఈ భాగం అందరూ రాసేదే కాబట్టి పొడిగించను. నాకు ముఖ్యమైంది లెక్కల సంగతి.

సొంత లేబుల్ అంటే రికార్డులన్నీ తనే మోసుకుపోయి అమ్ముకోవడం కాదు. నాష్‌విల్‌లో థర్టీ టైగర్స్ అనే సంస్థ ఉంది. షాపులకు పంపడం, స్ట్రీమింగ్‌లో పెట్టడం, ప్రచారం చూసుకోవడం దాని పని. అందుకు వాటా తీసుకుంటుంది. మాస్టర్ రికార్డింగ్, అంటే కాపీలన్నిటికీ మూలమైన అసలు రికార్డు, మాత్రం కళాకారుడి సొత్తుగానే ఉంటుంది. అంతా ఒక్కడే చేశాడని చెప్పడం కూడా తప్పే. కుర్రతనంలో ఆయనకు పాటల రచయితగా పని ఇచ్చింది ఫేమ్ వాళ్ళ పబ్లిషింగ్ కంపెనీయే, అంటే రాసిన పాటల హక్కులు చూసుకునే కంపెనీయే. కంపెనీ లేకుండా బతకాలని నేననడం లేదు. ఏది అమ్ముతున్నామో, ఏది అద్దెకిస్తున్నామో తెలిసి సంతకం పెట్టాలంటున్నాను.

పాట రచయిత పేరున ఉంటే ఏమవుతుందో 2021లో చూశాం. మోర్గన్ వాలెన్ అనే కంట్రీ స్టార్ తన ఆల్బమ్‌లో ఇజ్‌బెల్ రాసిన ఒక పాట పాడాడు. అమెరికా చట్టం ప్రకారం ఒకసారి విడుదలైన పాటను ఎవరైనా మళ్ళీ పాడుకోవచ్చు, రచయిత ఆపలేడు. కానీ అమ్ముడైన ప్రతి కాపీకీ అప్పట్లో కనీసం 9.1 సెంట్లు కట్టాలి. ఆల్బమ్ వచ్చిన నెల తిరక్కుండానే వాలెన్ నల్లజాతివారిని కించపరిచే మాట అన్న వీడియో బయటపడింది. రేడియోలు ఆయన్ని పక్కన పెడితే, అమ్మకాలు ఇంకా పెరిగాయి! దాంతో, అప్పటిదాకా ఆ ఆల్బమ్ మీద తనకొచ్చిన డబ్బంతా నాష్‌విల్‌లోని ఎన్.ఏ.ఏ.సి.పి. శాఖకు, అంటే నల్లజాతివారి హక్కుల సంఘానికి, ఇస్తున్నట్టు ఇజ్‌బెల్ ప్రకటించాడు. ఆ పాటను ఒకేసారి ఇంతని తీసుకుని రాసిచ్చేసి ఉంటే ఇవ్వడానికి ఆయన దగ్గర ఏముండేది? కోపం తెచ్చుకుని ఊరుకోవాల్సి వచ్చేది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తెలంగాణ జానపదాలకు యూట్యూబ్‌లో కోట్లలో వ్యూస్ వస్తున్నాయి. పాడిన ఆడపిల్లకు, రాసిన మనిషికి చేతికొచ్చేది చాలాసార్లు రికార్డింగ్ రోజు ఇచ్చిందే. మా బంధువుల అబ్బాయి ఒకడు అలాగే ఒక ఛానల్‌కు పాట ఇచ్చాడు. ఇంగ్లిష్‌లో ఉన్న కాగితం మీద సంతకం పెట్టాడు, కాపీ కూడా అడగలేదు. అడిగితే ఇంకోసారి పిలవరేమోనని టెన్షన్.

చట్టం లేక కాదు. 2012లో కాపీరైట్ చట్టానికి సవరణ వచ్చింది. హిందీ సినిమా పాటల రచయిత జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా కొట్లాడారు. దాని ప్రకారం సినిమా పాటైనా, ప్రైవేటు పాటైనా, సాహిత్యం రాసినవారూ బాణీ కట్టినవారూ తమ రాయల్టీ వాటాను వదులుకుంటున్నట్టు రాసిచ్చినా చెల్లదు. ఒక్క థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించినప్పుడు మాత్రం మినహాయింపు. తాతల నాటి పాటకు రచయిత ఎవరో తెలియకపోవచ్చు, అయినా పాడినవారికి ప్రదర్శకుల హక్కు వేరే ఉంది. చిక్కల్లా ఈ సంగతి సంతకం పెట్టే చోటికి చేరకపోవడమే. రాయల్టీ వసూలు చేసి పంచే ఐ.పి.ఆర్.ఎస్. లాంటి సొసైటీలో సభ్యత్వం లేకపోతే హక్కు ఉన్నా డబ్బు రావడం కష్టం.

తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ, ఆంధ్రప్రదేశ్ సృజనాత్మకత, సంస్కృతి సమితి ఏటా ఉత్సవాలకు పెట్టే ఖర్చులో ఇది లెక్కలోకి రాని పని: తెలుగులో రెండు పేజీల నమూనా ఒప్పందం ఒకటి న్యాయవాదులతో రాయించి, జిల్లా కార్యాలయాల్లో ఉచితంగా ఇవ్వండి. మాస్టర్ ఎవరిది, ఎన్నేళ్ళకు ఇస్తున్నారు, సినిమావాళ్ళు అడిగితే ఎవరి అనుమతి కావాలి, యూట్యూబ్ రాబడిలో వాటా ఎంత అనే నాలుగింటికీ అందులో ఖాళీలు ఉంటే చాలు. మీ ఆదివారం అనుబంధంలో కూడా ఆ నమూనా అచ్చు వేయగలిగితే, ఊళ్ళో పాడేవాళ్ళు కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హంట్స్‌విల్, అలబామా (స్వస్థలం జమ్మికుంట)