పిల్లల జాజ్ తరగతులు: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదువుతున్న పిల్లలకు జాజ్ సంగీతాన్ని చరిత్రతో సహా నేర్పాలని గత సర్వసభ్య సమావేశం చేసిన తీర్మానాన్ని ఈ ఏడాది అమలు చేశాం. జాజ్ పుట్టిన ఊళ్లోనే పెరుగుతున్న పిల్లలు దాన్ని ఊరేగింపుల చప్పుడుగా మాత్రమే ఎరిగి ఉండటం కార్యవర్గాన్ని చాలాకాలంగా బాధిస్తున్న విషయం.

ఇంత చిన్నపిల్లలకు బానిసత్వం గురించి చెప్పవచ్చునా అని కొందరు తల్లిదండ్రులు సందేహం వెలిబుచ్చారు. జాజ్ మూలాలు ఈ ఊరి ఆఫ్రికన్ బానిసల సంగీతంలో ఉన్నాయి కనుక, ఆ సంగతి దాచిపెట్టి జాజ్ నేర్పితే అది సగం పాఠమే అవుతుందని చర్చ అనంతరం నిర్ణయించి, మొదటి పాఠాన్ని, ఒకప్పుడు బానిసలు ఆదివారాల్లో కూడి ఆడిపాడిన మైదానమైన కాంగో స్క్వేర్‌లోనే ఏర్పాటు చేశాం. బానిసలు గుమిగూడటాన్ని 1817 నాటి నగర శాసనం ఆదివారాలకు, అదీ మేయరు చూపిన చోటికి పరిమితం చేసిందని, ఆ ఆంక్షల మధ్యనే వారు తమ డోళ్లను, పాటలను, నృత్యాలను నిలబెట్టుకున్నారని ఉపాధ్యాయురాలు వివరిస్తుండగా, రెండో తరగతి చదివే ఒక అమ్మాయి "మరి మిగతా రోజుల్లో పాడాలనిపిస్తే?" అని అడిగింది. ఆనాటి పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూనే సాగింది.

1901లో ఈ ఊళ్లోనే పుట్టిన ప్రఖ్యాత జాజ్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1912 డిసెంబరు 31 రాత్రి వీధిలో పిస్తోలు పేల్చి పట్టుబడటం, నల్లజాతి బాలల శిక్షణాలయంలో అక్కడి సంగీత శిక్షకుడు పీటర్ డేవిస్ దగ్గర కార్నెట్ (ట్రంపెట్ వంటి ఊదే వాయిద్యం) నేర్చుకోవడం పిల్లలు మళ్లీ మళ్లీ చెప్పించుకున్న కథ. జాజ్‌కు ఆద్యుల్లో ఒకడిగా చెప్పుకునే ఈ ఊరి నల్లజాతి కార్నెట్ వాద్యకారుడు బడీ బోల్డెన్ వాయించిన రికార్డు ఒక్కటీ మిగలలేదని, 1917లో తొలి జాజ్ రికార్డు వెలువరించింది తెల్లవారి బృందమని కూడా వారికి తెలియజేశాం. ఎవరి సంగీతానికి ఎవరి పేరు ముందు వచ్చిందో చిన్నప్పుడే తెలియాలని మా అభిప్రాయం.

వాయిద్య శిక్షణలో మన సంగీతం బాగా అక్కరకు వచ్చింది. శుద్ధ ధన్యాసి రాగ స్వరాలైన స గ మ ప నిలకు ప్రతిమధ్యమాన్ని చేరిస్తే జాజ్‌కు మూలాల్లో ఒకటైన బ్లూస్ సంగీతపు స్వరశ్రేణి (బ్లూస్ స్కేలు) సిద్ధమవుతుంది. తకిట అనడం వచ్చిన పిల్లలు, మూడింటిలో మొదటి రెంటినీ కలిపి ఒకటిగా పలకగానే జాజ్‌లోని ఊగే లయ అయిన స్వింగ్ నడకను పట్టేశారు. రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా చప్పట్లు వేయడం మాత్రం కష్టమైంది, ఎందుకంటే ఆది తాళానికి అలవాటుపడిన చేతులు మొదటి దెబ్బకే లేస్తాయి. పన్నెండు బార్ల (తాళ ఆవర్తనం వంటి భాగాల) బ్లూస్‌లో ఒకరు పలికిన దానికి మరొకరు అప్పటికప్పుడు జవాబివ్వాలి కనుక, బిడియస్థులైన పిల్లలు సైతం పక్కవారిని శ్రద్ధగా వినసాగారు.

1970 ప్రాంతంలో ఈ ఊరి జాజ్ వాద్యకారుడు డానీ బార్కర్ ఫెయిర్‌వ్యూ బాప్టిస్ట్ చర్చి పిల్లలతో బ్రాస్ బ్యాండు (ఇత్తడి ఊదే వాయిద్యాల బృందం) నడిపి ఒక తరం వాయిద్యకారులను తయారుచేసిన పద్ధతే మాకు ఆదర్శం. వచ్చే ఏడాది పెద్ద పిల్లలకు కార్నెట్, క్లారినెట్ మొదలుపెట్టదలచాం. ఇళ్లలో వాడకుండా ఉన్న వాయిద్యాలుంటే సంఘానికి అప్పుగా ఇవ్వవలసిందిగా, తరగతుల్లో తల్లిదండ్రులు కూడా కూర్చోవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి