గ్యారంటీ అన్న మాట మా ఇంట్లో లేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీరు వేసిన కొత్త కొలువుల పేజీ చదివాను. సంతాన సమస్యలకు ఆక్యుపంక్చర్, అంటే ఒంటికి సన్నని సూదులు గుచ్చే వైద్యం, చేసేవాళ్లు లక్షలు సంపాదిస్తున్నారని ఒక వార్త, ఎంట్రప్రెన్యూర్‌షిప్ పాఠాలు చెప్పేవాళ్లు కోటీశ్వరులను తయారు చేస్తున్నారని దాని పక్కనే ఇంకో వార్త. నేను కాకినాడలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఆ రెండు పనులూ చేసేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు, నా ఇద్దరు కూతుళ్లు. ఆ లక్షలూ కోట్లూ నా కంటపడలేదు.

పెద్దమ్మాయి హైదరాబాద్ బాల్కంపేటలోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలో బీఎన్‌వైఎస్, అంటే ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ, చదివింది. ఎంబీబీఎస్ సీటు రాకే చేరిందని బంధువులన్నారు. నిజమే, అందుకే చేరింది. ఆక్యుపంక్చర్ ఆ చదువులో భాగమే. ఇప్పుడు తన దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది ఐవీఎఫ్ (పిండాన్ని బయట తయారు చేసి గర్భంలో పెట్టే చికిత్స) చేయించుకుంటున్న ఆడవాళ్లు. తన బల్ల మీద ఎప్పుడూ రెండు పరిశోధన పత్రాలుంటాయి. ఒకటి 2002లో జర్మనీలో 160 మంది మీద చేసింది. పిండాన్ని గర్భంలో పెట్టే ముందూ తర్వాతా సూదులు వేస్తే 42.5 శాతం మందికి గర్భం నిలిచింది, వేయనివాళ్లలో 26.3 శాతం మందికి. ఆ అంకెలు చూపించి ఎందరు బోర్డులు పెట్టారో! రెండోది 2018 నాటిది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మంది మీద చేశారు. కొందరికి అసలు సూదులు, మిగతావాళ్లకు గుచ్చుకోని ఉత్తుత్తి సూదులు. బిడ్డ పుట్టింది అసలు సూదులవాళ్లలో 18.3 శాతం మందికి, ఉత్తుత్తి సూదులవాళ్లలో 17.8 శాతం మందికి. తేడా లేనట్టే. మా అమ్మాయి ఈ రెండోదే ముందు చూపిస్తుంది. అది విని లేచి వెళ్లిపోయేవాళ్లున్నారు. ఉండేవాళ్లు మాత్రం, కాస్త టెన్షన్ తగ్గి రాత్రి నిద్ర పడితే చాలమ్మా అంటారట.

చిన్నమ్మాయి బీటెక్ అవగానే స్నేహితులతో కలిసి కొబ్బరి పీచు కుండీల వ్యాపారం పెట్టి, పద్నాలుగు నెలల్లో మూసేసింది. బాకీలు నేనే తీర్చాను. అది ఎందుకు మునిగిందో తేల్చుకుందామని ఎంబీఏ, ఆ పైన పీహెచ్‌డీ. "వ్యాపారం చేతకాకేగా పాఠాలు చెబుతున్నావు" అని వాళ్ల మేనమామ ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. "మునిగినదానికేగా మావయ్యా లోతు తెలిసేది" అంటుంది.

తను చదివిన వాటిలో మా ఊరి కథ కూడా ఉంది. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులు 52 మందికి హైదరాబాద్‌లోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో శిక్షణ ఇప్పించింది. బొమ్మ చూసి కథ రాయడం, మేకుకు రింగులు విసరడం, ఇలాంటివి చేయించారు. ఎవరు ఎంత దూరంలో నిలబడి విసురుతున్నారన్నది అసలు పరీక్ష. మరీ దగ్గరా మరీ దూరమూ కాకుండా, కష్టపడితే అందేంత దూరం ఎంచుకోవాలి. రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూసి, శిక్షణ పొందినవాళ్లు ఎక్కువ చురుగ్గా వ్యాపారం పెంచుకున్నారని 1969లో పుస్తకం వేశారు. అంతేగానీ అందరూ కోటీశ్వరులయ్యారని అనలేదు.

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో వ్యాపార పాఠాలు చెప్పే ప్రొఫెసర్ సరస్ సరస్వతి చెప్పిన మాట ఒకటి మా చిన్నది తరచూ అంటుంది. అనుభవమున్న వ్యాపారి ఎంత వస్తుందన్నది కాక, ఎంత పోయినా తట్టుకోగలనన్నది ముందు చూసుకుంటాడట. ముప్పై ఏళ్లు లోన్ దరఖాస్తులు చూశాను, ఆ లెక్క అడిగే గడి ఒక్కదాన్లోనూ లేదు.

కిందటి సంక్రాంతికి ఇద్దరూ ఇంటికొచ్చినప్పుడు ఈ మాట పెద్దదాని చెవిన పడింది. అప్పట్నుంచి తను మొదటి రోజే చీటీ మీద రాసిస్తోంది: ఆరు సిట్టింగులు, మొత్తం ఖర్చు ఇంత, ఆ తర్వాత ఆపేద్దాం. ఐవీఎఫ్‌కే నగలు తాకట్టు పెట్టి వచ్చేవాళ్లకు ఆ చీటీ ఎంత అవసరమో బ్యాంకులో పనిచేసిన నాకు తెలుసు.

మీ పేజీలో ఇవేవీ లేవు. పైగా అదే పేజీ అడుగున "సూదులతో సంతానం, నూటికి నూరు శాతం గ్యారంటీ" అని పెద్ద ప్రకటన. మందులతో నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితా 1954 నాటి మందుల ప్రకటనల చట్టంలో ఉంది, అందులో స్త్రీల వంధ్యత్వం కూడా ఉంది. సూది మందు కాదు కదా అని వేశారేమో. మొన్న ప్రకటనల ఏజెంటు ఒకాయన మా పెద్దమ్మాయికీ ఫోన్ చేసి, గ్యారంటీ అన్న మాట లేకపోతే ఎవరు చదువుతారమ్మా అన్నాడట.

వచ్చే ఆదివారం నుంచి ఆ ప్రకటన ఆపండి. ఖాళీ అయిన జాగాలో 18.3, 17.8 అన్న రెండు అంకెలు వేయండి. కావాలంటే ఆ జాగాకయ్యే డబ్బు నేను కడతాను.

- ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కాకినాడ