పాత లారీకి కొత్త రంగు వేసేముందు మా మాట ఒకటి వినండి

షెడ్‌లో ఉన్న టాటా మెర్సిడెస్ బెంజ్ లారీ ఇంకా ఎందుకు బయటికి రాలేదని కస్టమర్లు చాలామంది అడుగుతున్నారు. గన్ పట్టి మొత్తం స్ప్రే కొట్టేస్తే ఎప్పుడో వెళ్లిపోయేది. ఓనరుగారూ మేమూ మాట్లాడుకుని పాత రంగునే బతికించాలనుకున్నాం, అందుకే ఇంత ఆలస్యం. ఇకమీదట మా దగ్గరికొచ్చే ప్రతి పాత బండికీ ముందు ఇదే ప్రయత్నం చేస్తాం. రేటు, టైము రెండూ మారతాయి కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్), మెర్సిడెస్ బండ్లు చేసే జర్మన్ కంపెనీ డైమ్లర్ బెంజ్ మధ్య ఒప్పందం 1954 నుంచి 1969 దాకా నడిచింది. ఆ కాలంలో లారీ అంటే చాలావరకు ఛాసిస్ (చక్రాలు, ఇంజిన్ ఉండే కింది చట్రం), ముందుభాగం మాత్రమే కంపెనీ నుంచి వచ్చేవి. క్యాబిన్, బాడీ ఇక్కడే కట్టించుకునేవారు. అందుకని బానెట్ మీద, మడ్‌గార్డుల మీద ఉండేది కంపెనీ రంగు, డోర్ల మీద ఉండేది మన పెయింటర్ చేతి రంగు. బఫింగ్‌కి, అంటే రుద్ది మెరుపు తెచ్చే పనికి, ఈ రెండూ ఒకేలా లొంగవు. ఒక్కో భాగాన్నీ విడిగా పరీక్షించక తప్పదు.

ఆ రోజుల ఎనామిల్‌కి పైన క్లియర్ కోట్, అంటే రంగును కాపాడే పారదర్శక పొర, ఉండదు. ఎండకి పైపొర మాత్రమే చచ్చి, ముట్టుకుంటే సుద్దలా చేతికంటుతుంది. దాని కింద అసలు రంగు ఇంకా ఉంటుంది. కాంపౌండ్ (రుద్దే పేస్టు) పెట్టి రుద్దినప్పుడు ప్యాడ్‌కి బండి రంగు అంటుకోవడం చూసి కొందరు టెన్షన్ పడుతున్నారు. పోతున్నది చచ్చిన పొరే, కంగారు పడకండి. అసలు భయం అంచుల దగ్గర. బానెట్ మడతల మీద, రివెట్ల చుట్టూ రంగు చాలా పల్చగా ఉంటుంది, మెషిన్ ఒక్క క్షణం ఎక్కువ ఆగినా ప్రైమర్ (రంగు కింది తొలి పూత) బయటపడుతుంది. అక్కడ మాస్కింగ్ టేప్ వేసి, మిగిలింది చేత్తోనే చేస్తాం. చేత్తో రాసిన పబ్లిక్ క్యారియర్ అక్షరాలు, డోర్ మీద పువ్వులు ఉంటే మెషిన్ దగ్గరికే రానివ్వం. అలా రాసే చేతులు ఇప్పుడు దొరకడం కష్టం.

పాత పసుపు, నారింజ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకితే ఆ దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే నీళ్లతో వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), ముఖానికి మంచి మాస్క్. దీనివల్ల పని నెమ్మదిస్తుంది, అయినా ఈ విషయంలో బేరం లేదు.

రేటు ఇకనుంచి పట్టిన గంటలను బట్టే. ముందు ఒక మూల చిన్న ముక్క రుద్ది చూపిస్తాం, నచ్చితేనే ముందుకెళ్దాం. రంగు కింద తుప్పు పొంగినచోట, పుట్టీ పగిలినచోట బఫింగ్ పనిచేయదు. అక్కడివరకే రంగు కలిపి వేస్తాం, దగ్గరగా చూస్తే ఆ తేడా తెలుస్తుంది. షోరూమ్ మెరుపే కావాలంటే మాత్రం పూర్తి పెయింటింగ్ చేయించుకోవాలి, ఆ మాట మొదటిరోజే చెప్పేస్తాం.

ఒక్క మనవి. బండి తెచ్చేముందు మెరుస్తుందని డీజిల్‌తో గానీ కిరోసిన్‌తో గానీ తుడవకండి. ఆ జిడ్డు ఉంటే రంగు ఏ స్థితిలో ఉందో మాకు కనిపించదు. దుమ్ముతోనే తీసుకురండి, కడగడం మేం చూసుకుంటాం. ఇంట్లో ఆ లారీ పాత ఫోటో ఏదైనా ఉంటే అదీ పట్టుకురండి, అక్షరాలు చెరిగిపోయినచోట మాకు బాగా పనికొస్తుంది.