పని లేని నెలల్లో వాయిదా ఎలా కట్టాలి?

సంపాదకుల వారికి,

పేద దేశాల్లో సూక్ష్మ రుణాలు, అంటే పేదలకు తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న అప్పులు, విస్తరించాలనేవారు బంగ్లాదేశ్ గ్రామీణ్ బ్యాంకును చూపిస్తారు. 2006లో ఆ బ్యాంకుకూ, దాన్ని స్థాపించిన మహమ్మద్ యూనస్‌కూ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. విస్తరించండి, కాదనను. కానీ టంగుటూరు దగ్గర పొగాకు గ్రేడింగుకు, అంటే ఆకులను రకాలుగా వేరుచేసే పనికి, వెళ్లే మాలాంటి ఆడవాళ్లకు వానాకాలంలో పని ఉండక చేతిలో డబ్బు ఆడదు. ఈ అప్పులిచ్చే ప్రైవేటు సంస్థల వాయిదా మాత్రం వారం వారం కట్టాల్సిందే.

మా సంఘంలో ఒకామె అప్పు తెచ్చి గేదెను కొనుక్కుంది. పాల డబ్బులు పదిహేను రోజులకు గానీ చేతికి రావు. గేదె ఒట్టిపోయాక అవీ లేవు. వాయిదా కోసం మరోచోట అప్పు చేసి, చివరికి గేదెనే అమ్ముకుంది. ఎంత కడుపుమంట! ఇలాంటి వసూళ్ల బాధలు పడలేకే కదా 2010లో మన రాష్ట్రంలో ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చారు!

నెల వాయిదాలన్నీ కలిపి కుటుంబ ఆదాయంలో సగం దాటకూడదని 2022లో రిజర్వు బ్యాంకు చెప్పింది. మా ఊరికి వచ్చేవాళ్లు ఆధార్ కార్డు చూస్తారే గానీ ఆదాయం సరిగా అడగరు. అధికారులు దీన్ని తనిఖీ చేయాలి. పని లేని నెలల్లో వడ్డీ మాత్రమే కట్టే వీలు కల్పించాలి.

- పొదుపు సంఘం సభ్యురాలు, టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా