లంబసింగిలో ఈ చలికాలం: డబ్బు కట్టేముందు చదవండి

డిసెంబరు, జనవరి గుడారాలకు బుకింగులు మొదలయ్యాయి. ఈసారి మా పోస్టర్ల మీంచి "ఆంధ్రా కశ్మీర్" అన్న మాట తీసేశాం. ఫోన్ చేసేవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే: మంచు కురుస్తుందా అని. కురవదు. కశ్మీర్‌లోలా పైనుంచి మంచు రాలడం ఇక్కడ ఉండదు.

మరి ఏముంటుంది? ఊరు సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు అటూ ఇటూగా ఉంది. మబ్బులేని, గాలి కదలని రాత్రుల్లో నేలలో వేడంతా పైకి పోతుంది. బరువెక్కిన చల్లగాలి వాలు దిగి లోయలో నిలిచిపోతుంది. బాగా చలి పట్టిన రోజున గడ్డిమీద, కారు అద్దాల మీద పడ్డ మంచు బిందువులు తెల్లగా గడ్డకడతాయి. అదీ కొన్ని రోజులే. బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందంటే మబ్బు కమ్మి, చలి సగానికి సగం తగ్గిపోతుంది. అందుకే అల్పపీడనం హెచ్చరిక వస్తే తేదీ మార్చుకోండి, అదనంగా ఏమీ తీసుకోం. రద్దు చేసుకోవాలంటే 3 రోజుల ముందు చెప్పండి, కట్టిన అడ్వాన్సు మొత్తం వెనక్కిస్తాం.

మబ్బుల సముద్రం చూడాలంటే చెరువులవేనం కొండమీదికి 5:30కల్లా చేరాలి. ఆ నెలల్లో సూర్యోదయం దాదాపు 6:30కి. ఎండెక్కేకొద్దీ మబ్బు విడిపోతుంది, 9 తర్వాత వెళ్తే చెట్లే కనబడతాయి. కొన్ని రోజులు మబ్బు కొండ కిందుగా ఆగకుండా కొండనే ముంచేస్తుంది. అప్పుడు పక్కన నిలబడ్డ మనిషి కూడా కనబడడు. దానికి మా దగ్గర మందు లేదు.

"గుడారం కారుతోంది" అన్న ఫిర్యాదు గురించి. కారడం లేదండీ. చలికి జిప్పులన్నీ బిగించేసి పడుకుంటే మీ ఊపిరిలో తేమే చల్లటి గుడ్డకు తగిలి నీళ్లై, తెల్లవారేసరికి దుప్పటి మీద బొట్లుబొట్లుగా పడుతుంది. పైన వల కిటికీ తెరిచే ఉంచండి, తలుపు జిప్పు కింద బెత్తెడు వదలండి. ఇద్దరి గుడారంలో ముగ్గురిని పడుకోనివ్వం, దానికీ కారణం ఇదే. పరుపు కింద టార్పాలిన్, మనిషికి రెండు రగ్గులు మేమిస్తాం. చెవులు మూసే టోపీ, మేజోళ్లు మీరు తెచ్చుకోండి. బొగ్గుల కుంపటి గుడారంలోకి మాత్రం వద్దు, ప్రాణం తీస్తుంది.

సొంత కారులో వచ్చేవాళ్లు నర్సీపట్నంలోనే పెట్రోలు పోయించుకోండి. అక్కడినుంచి సుమారు 30 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి వస్తే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. రెండో గేరులో దిగండి. పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది, లోబీమే మేలు.

ఈ కొండదారులకు ఇంకో లెక్క కూడా ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు, అంటే అడవి నరికి కాల్చి చేసుకునే సాగుకు, అడ్డుపడింది. ఆ తర్వాత గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం, చింతపల్లి రోడ్డు పనికి మన్యం జనాన్ని సరైన కూలి ఇవ్వకుండా వెట్టికి తోలాడు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టు 22న అల్లూరి దళం వెంట చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల పోలీసు అధికారులు దళం దాడిలో చనిపోయారు. అల్లూరి, ఆయన అనుచరుడు గాం గంటందొర సమాధులు కృష్ణదేవిపేటలో ఉన్నాయి. అది నర్సీపట్నం నుంచి వేరే దారి, తిరుగు ప్రయాణంలో పూట కేటాయించుకోండి. సెల్ఫీ పాయింట్లు తగ్గించి మా జీపు యాత్రలో చింతపల్లి కలిపింది ఇందుకే. ఇష్టం లేనివాళ్లు తాజంగి చెరువు దగ్గర దిగిపోవచ్చు.

మేం అమ్మే కాఫీ పొడి ధర పెంచక తప్పలేదు. 6 కిలోల కాఫీ పండ్లు గుజ్జు తీసి, కడిగి, ఎండబెట్టి, పొట్టు తీస్తే కిలో గింజలు. వేయిస్తే అందులో ఆరో వంతు దాకా తరిగిపోతుంది. చికోరీ కలిపితే చవకగా అమ్మొచ్చు, కలపం. పైగా 2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు బయటపడింది. ఆడపురుగు కాయ బొడ్డు దగ్గర సూదిబెజ్జమంత చిల్లి పెట్టి లోపలే గుడ్లు పెడుతుంది. పురుగు కాయతోపాటే ఒక తోటనుంచి ఇంకో తోటకు పోతుంది. కాబట్టి అరకు, పాడేరు తోటలు చూసి ఇటొచ్చేవాళ్లు సరదాకి కోసిన కాయలు జేబుల్లో, బ్యాగుల్లో తేవద్దు. ఇక్కడా కోయవద్దు. పండ్ల కోత చూడాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల ముందు రోజే చెప్పండి, రైతునడిగి తీసుకెళ్తాం.

రాత్రి 10 తర్వాత పాటల పెట్టెలు ఆపేయిస్తాం. నెలాఖరు శనివారాలు త్వరగా నిండిపోతాయి. మంగళ, బుధవారాల్లో రాగలిగితే కొండమీద తోపులాట ఉండదు, అద్దె కూడా తక్కువే.