చెట్టుకి అనుమతి సరే, కొట్టే మనిషి సంగతి?

సంపాదకుడు గారికి,

గత నెల మా అపార్ట్‌మెంట్ ప్రహరీ మీదికి ఒరిగిపోయిన పచ్చతురాయి చెట్టును కొట్టించాం. ముందుగా అనుమతి తీసుకున్నాం. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకి తెచ్చిన వాల్టా చట్టం 2002లో వచ్చినా, సొంత స్థలంలో చెట్టయినా అడక్కుండా కొట్టకూడదన్న సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు. దరఖాస్తులో చెట్టు రకం, చుట్టుకొలత, కారణం అన్నీ రాశాం. ఎవరు కొడతారు, ఎలా కొడతారు అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేమూ ఆలోచించలేదు.

బైక్ మీద ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. వెనక కూర్చున్నతని ఒళ్లో చెట్లు కోసే చైన్‌సా మిషన్, దాని చైనుకి తొడుగు కూడా లేదు. కాళ్లకి హవాయి చెప్పులు. ఆరు వేల దగ్గర మొదలైన బేరం నాలుగున్నరకి తెగింది. బేరమాడింది నేనే. ఒకతను చెప్పులు విడిచి, నిచ్చెన వేసుకుని ఎక్కి, ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని కుడిచేత్తో మిషన్ నడిపాడు. ఒకచోట అది ఎగిరి అతని చెవి పక్కనుంచి పోయింది. కింద నుంచి నేను అరిస్తే, "ఏటవదు సారూ, పదేళ్లబట్టి కోస్తన్నాం" అని నవ్వాడు.

ముప్పై ఏళ్లు ఈ ఊళ్లోనే ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గేటు లోపల ఎవరైనా ఎత్తుకి ఎక్కాలంటే పర్మిట్ కాగితం, బెల్టు, కింద కాపలా మనిషి ఉండాల్సిందే. గేటు బయట, నా ఇంటి ముందు మాత్రం టీ గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆ సిగ్గుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మిషన్ ఎందుకు ఎగిరిందో చెబుతాను. చైను తిరిగే బద్ద ముక్కు పైభాగం కొమ్మకి తగిలితే చైను అక్కడ పట్టేస్తుంది. ఆ ఊపుకి మిషన్ మొత్తం పట్టుకున్నవాడి ముఖం మీదికి లేస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. చైను సెకనుకి సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంటుంది కాబట్టి, తల తిప్పుకునే వ్యవధి ఉండదు. ముందు హ్యాండిల్‌కి ఎదురుగా ఉండే చైన్ బ్రేకు ఇందుకే. మిషన్ లేచినప్పుడు ఎడమచేయి తగిలి అది పడుతుంది. కుదుపుకే పడే ఏర్పాటు ఇప్పటి మిషన్లలో ఉంది గానీ, ఒంటిచేత్తో కోసేవాణ్ణి అదొక్కటే కాపాడుతుందని నమ్మలేం. రెండు చేతులతో పట్టుకోవాలి, భుజం ఎత్తు దాటి కోయకూడదు, నిచ్చెన మీంచి కోయకూడదు అని కొత్త మిషన్‌తో వచ్చే పుస్తకంలోనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో మిషన్ చేతులు మారుతుంది, పుస్తకం మారదు.

నిలబడున్న చెట్టు సంగతి ఇది. తుపానుకి పడిన చెట్టు ఇంకా మోసం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మన వీధుల్లో ఏం జరిగిందో చూసినవాళ్లం. గొడ్డలి ఉన్నవాడు గొడ్డలితో, మిషన్ దొరికినవాడు మిషన్‌తో దిగాడు. దారులు తెరవాలన్న ఆత్రం అందరిదీ, తప్పుపట్టను. కానీ గోడ మీద పడి వంగిన మాను విల్లులాంటిది. ఒకవైపు సాగి బిగుసుకుని ఉంటుంది, రెండోవైపు నొక్కుకుని ఉంటుంది. బిగుసుకున్న వైపు ముందు కోస్తే చీలి కొడుతుంది. నొక్కుకున్న వైపు లోతుగా కోస్తే బద్ద ఇరుక్కుపోతుంది. ముందు నొక్కుకున్న వైపు కొద్దిగా గాటు పెట్టి, తర్వాత రెండోవైపు నుంచి నిదానంగా రావాలి, అదీ వంపుకి పక్కన నిలబడి. వేళ్లతో సహా లేచిన చెట్టయితే మాను తెగగానే మొదలు ఒక్కసారిగా గోతిలోకి తిరిగి కూర్చోవచ్చు. ఆ గోతిలో పిల్లలు ఆడుకోవడం నేను చూశాను.

కరెంటు ఎలాగూ లేదు కదా అనుకోవడం మరో పొరపాటు. పక్క అపార్ట్‌మెంట్‌లో జనరేటర్‌కి మార్పు స్విచ్ సరిగా లేకపోతే ఆ కరెంటు వెనక్కి లైన్‌లోకి వస్తుంది. తెగి కొమ్మల్లో చిక్కుకున్న తీగ ఉందంటే, విద్యుత్ సిబ్బంది లైన్ ఆపి, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) ఇచ్చేదాకా మిషన్ స్టార్ట్ చేయకూడదు. మా చెట్టు పక్కనే సర్వీసు వైరుంది. ఆ రోజు ఎల్‌సీ మాట మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

తొడుక్కునే సామగ్రి విషయంలో ఒకటి ఒప్పుకోవాలి. చైన్‌సా పనికి ప్రత్యేకంగా ప్యాంట్లు ఉంటాయి. చైను తగలగానే లోపలి పొరల్లోని పీచు బయటికొచ్చి చక్రానికి చుట్టుకుని మిషన్‌ను ఆపేస్తుంది. మే నెల విశాఖ ఉక్కపోతలో అవి వేసుకుని పనిచేయమని చెప్పడం తేలిక, చేయడం కష్టం. పని తెల్లవారుజామున పెట్టుకోవచ్చు, మనిషికి మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వొచ్చు. అంతేగాని లుంగీ పైకి కట్టుకుని కోయడమే మార్గం కాదు. జాలీ ఉన్న హెల్మెట్, చెవులకి మఫ్‌లు, బూట్లు లేకుండా అసలు మొదలుపెట్టకూడదు. ఈ మిషన్ మోత 100 డెసిబెల్స్ దాటుతుంది. ఏళ్ల తరబడి పని చేసినవాళ్లు చెవుల దగ్గర గట్టిగా అరిస్తేనే పలుకుతారు, ఆ లోపాన్ని వయసు మీదికి తోసేస్తాం.

అధికారులను కోరేది పెద్ద పనేం కాదు. చెట్టు కొట్టే అనుమతి కాగితంలోనే కోసేవారి శిక్షణ, సామగ్రి, ఎల్‌సీ గురించి మూడు గడులు చేర్చండి. కొమ్మలు కొట్టే కాంట్రాక్టుల్లో సామగ్రి ఖర్చు విడిగా చూపించమనండి, లేకపోతే తక్కువకి పాడినవాడు ముందు కోసేది బూట్ల ఖర్చే. కంచరపాలెం ఐటీఐ లాంటి చోట వారం రోజుల శిక్షణ పెట్టించి, వార్డుకి ఇద్దరు ముగ్గురిని అక్టోబరు లోపు తయారుచేస్తే, తుపాను మర్నాడు ఎవరిని పిలవాలో తెలుస్తుంది.

మా ప్రాంగణంలో ఇంకో చెట్టుంది, నిద్రగన్నేరు. దాని కొమ్మలు తీయించాలి. అదే కుర్రాడికి ఫోన్ చేసి ఈసారి బేరం లేదు, ఎల్‌సీ మేం అడుగుతాం, హెల్మెట్, బూట్లు తప్పనిసరి అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "బూట్లు మీరే ఇస్తారేటి సారూ? నాది ఎనిమిదో నంబరు" అన్నాడు. ఆదివారం సంఘం సమావేశంలో ఆ ఖర్చు నేనే ప్రతిపాదిస్తున్నాను.

– ఒక రిటైర్డ్ ఉద్యోగి, సీతమ్మధార, విశాఖపట్నం